సగం కుట్టిన గౌను

హలో… ఆ, నేనే వదినా. వినిపిస్తోందా?… ఉండండి, కిటికీ దగ్గరికొస్తాను. ఈ గదిలో ఇక్కడైతేనే మాట తెగకుండా వస్తుంది.

ఇప్పుడు?… ఆ.

చాలాసార్లు చేసినట్టున్నారు. ఫోను దిండు కింద ఉండిపోయింది. పాప ఆడుకుని అక్కడే పడేసి వాళ్ళ నాన్నతో వెళ్ళింది… కేకు తేవడానికి. ఇవాళే కదా పుట్టినరోజు… అబ్బో, గుర్తుందే! చెప్తాను, చెప్తాను. అత్త ఫోను చేసిందంటే మంచాలెక్కి దూకుతుంది. దూకడానికి ఇక్కడున్నది ఒకటే మంచం అనుకోండి.

ఫోటోలు చూశారా?… పడవలో టోపీ ఎగిరిపోయింది, అదే. ఏడుస్తుందనుకున్నా. పకపకా నవ్వింది. దాని నవ్వు చూసి పడవ నడిపేవాడు కూడా తెడ్డు వదిలేసి నవ్వాడు…

ఏంటి వదినా, గొంతు అలా ఉంది? జలుబు చేసిందా?… మరి?

చెప్పండి. నాన్చకండి.

ఎవరు?… బిల్డింగు మేనేజరా? మా ఇంటికా? ఎందుకు?…

ఖాళీ చెయ్యడమా!

ఏ ఇల్లు?… కాదు కాదు, పొరపాటు పడుంటాడు. పై అంతస్తు వాళ్ళు కదా వెళ్ళిపోతున్నది. వాళ్ళ తలుపూ మా తలుపూ ఒకేలా ఉంటాయి. మొన్నోసారి వాళ్ళకొచ్చిన పరుపు తెచ్చి మా గుమ్మానికి ఆనించి పోలేదూ? అలాంటివాడే ఇంకో…

పేరు చదివాడా?… మా ఆయన పేరే?

కంపెనీ వాళ్ళు చెప్పారట. ఏమని చెప్తారు? కంపెనీ ఇల్లే, కాదన్నానా? పని ఉన్నన్నాళ్ళూ ఇల్లు మాదే. పనికేమైంది ఇప్పుడు? సెలవు పెట్టి వచ్చాం, సెలవు పొడిగించారు. ఏటా సంవత్సరం చివర ఎక్కడో ఒక దేశం వెళ్ళట్లేదూ? ఈసారి కాస్త ఎక్కువైంది, అంతే. అక్కడ ఉండటానికి అనుమతి కాగితాలు కొత్తవి రావాలట. రాగానే బయల్దేరడమే… ఆయనే చెప్పారు… ఎప్పుడేంటి వదినా, రోజూ చెప్తారు. పళ్ళు తోముకున్నంత క్రమంగా చెప్తారు.

ఇప్పుడు అక్కడే ఉన్నాడా వాడు?… వరండాలో? తాళాలు మార్చేవాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడా! వాడి దుంప తెగ! మనుషులు లేని ఇంటి మీదకి దండయాత్రా?

ఇవ్వండి వాడికి ఫోను… వద్దు వద్దు, ఇవ్వకండి. ఆ భాష నాకు మామూలుగానే నత్తనడక. కోపంలో అస్సలు రాదు. మీరే మాట్లాడండి. మీరంటే వాడికి హడలు… ఆ, నీళ్ళు రానిరోజు మీరు అరిచిన అరుపు ఈ జన్మకి మర్చిపోడు.

సాయంత్రంలోపు తాళం ఇవ్వాలా?… ఇవ్వకపోతే గొళ్ళెం పీకేస్తారటనా.

వదినా, ఇవ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. పక్కింట్లో మీరున్నారనే ఆ తాళంచెవి మీ చేతిలో పెట్టి వచ్చాను. మీ చేతిలో ఉంటే ఇల్లు నా చేతిలో ఉన్నట్టే. అది వాడికి పోయిందంటే, మాకింక తిరిగి రావడానికి ఈ భూమ్మీద తలుపే లేదు.

ఏడవట్లేదు. కిటికీలోంచి ఎండ కొడుతోంది, అంతే.

ఆయనకా? ఇంకా చెప్పలేదు, ఇప్పుడే కదా నాకు తెలిసింది. వచ్చాక చెప్తాను. వాళ్ళ ఆఫీసుకి ఫోను చేసి ఒక్క మాట అంటే మేనేజరు తోక ముడుస్తాడు… అవును. ఒక్క మాట.

సరే, ఒక పని చెయ్యండి. తలుపు తియ్యండి. వాణ్ణి లోపలికి పిలిచి అన్నీ చూపించండి. వెళ్ళిపోయేవాళ్ళ ఇల్లలా ఉంటుందా? చూస్తే వాడికే తెలుస్తుంది. ఫోను పెట్టెయ్యకండి, నేను చెప్తూ ఉంటాను… వద్దంటారేంటి? ఇది నా ఇల్లు. చూడండి… ఆ.

తీశారా?… దీపం మీట ఎడంవైపు కాదు, చెప్పుల అర పైన. ఆయన మార్చారు. మా ఆయన ఏ ఇంట్లో చేరినా ముందు మీటలు మారుస్తారు.

ఏముంది?… నక్షత్రాలు ఉన్నాయా! సెలవులకి ముందు పాప కట్టినవి. రంగు కాగితాలు కోసి, జిగురు జుట్టంతా పూసుకుని, ఇల్లు పీకి పందిరి వేసింది. ఒకటి పడిపోయిందా? పోన్లెండి, మేం వచ్చాక కడుతుంది. వాడికి చూపించండి. ఇల్లు వదిలి పోయేవాళ్ళు నక్షత్రాలు కట్టుకుంటారా అని అడగండి…

ఏమన్నాడు?… నవ్వాడా? వాడి మొహం.

బాల్కనీలో మొక్కలు… లేవా?… మీ బాల్కనీలో ఉన్నాయా. ఓ, మీరు తెచ్చుకున్నారా. మంచిపనే. నీళ్ళకోసం రోజూ తాళం తీసే బాధ తప్పింది… ఆయనే తెచ్చిచ్చారా? ఎప్పుడు?… నాకు చెప్పనే లేదు. చెప్తే నేను ఒప్పుకోనని కాబోలు. నా మొక్కల్ని నేను మీక్కూడా ఇవ్వను, తెలుసుగా. వచ్చాక తీసేసుకుంటాను.

వంటింట్లోకెళ్ళండి… ఫ్రిజ్ తలుపు తీసి ఉందా? లోపలంతా తుడిచి ఉందా… ఆయన పనే అయ్యుంటుంది. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఏ యంత్రాన్నీ మురికిగా వదలరు. చివర్న నన్నూ పాపనీ టాక్సీలో కూర్చోబెట్టి, "గ్యాసు కట్టానో లేదో" అని మళ్ళీ పైకెళ్ళారు. ఎంతసేపు! టాక్సీవాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. గ్యాసు కట్టడానికి ఇంతసేపా, బావి తవ్వారా అన్నాను. నవ్వారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దుమ్ము అన్నారు…

ఏం లేదు. ఊరికే గుర్తొచ్చింది.

ఇక్కడా? ఇక్కడ బాగానే ఉన్నాం వదినా… బాగానే అంటే… మొదట దిగిన హోటలు కాదులెండి. అది పెద్దది, సముద్రం కనిపించేది. సెలవు పొడిగించాక ఇందులోకి మారాం. బస్టాండు వెనక సందు. కింద బట్టలు ఉతికే దుకాణం, పొద్దస్తమానం సబ్బు ఆవిరి. కిటికీ తీస్తే ఎదుట గోడ, గోడకి ఒక గొట్టం, గొట్టానికి ఒక పిచ్చుక. పాప దానికి కూడా పేరు పెట్టింది. రోజంతా చక్రాల పెట్టెలు లాక్కుంటూ జనం పోతూ ఉంటారు. గడగడగడ… వినిపిస్తోందా? అదే. వాళ్ళందరూ ఇళ్ళకి పోతున్నారు వదినా. ఆ చప్పుడు వింటే కిటికీ మూసేస్తాను.

అడుగుతుంది. రోజూ అడుగుతుంది, "మన ఇల్లెప్పుడు?" అని. పుట్టినరోజు ఇంట్లోనే చేస్తామని చెప్పాం. క్లాసు పిల్లలందర్నీ పిలవాలనుకుంది. పొద్దున్న లేవగానే, "ఇవాళ వాళ్ళు మన తలుపు కొడితే ఎవరు తీస్తారమ్మా?" అంది. మీ అత్త తీస్తుందిలే అన్నాను.

ఎవరూ రాలేదా… రారులెండి. సెలవులు కదా.

అసలు ఈ ప్రయాణమే వింత వదినా. మీకు తెలుసుగా ఆయన సంగతి, ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ఒక ఏడు చలి కొండల మీదకి వెళ్ళినప్పుడు పాప ఉన్నిటోపీ అడిగితే తన చేతిరుమాలు కట్టి, ఇదే కొత్త ఫ్యాషన్ అన్న ఘనుడు. అలాంటిది ఈసారి పాప ఏది చూపిస్తే అది! రంగులరాట్నం ఎక్కుతానంటే ఎక్కించారు. మళ్ళీ అంటే మళ్ళీ. నాకు చెప్పులు కొన్నారు, నేను అడక్కుండా! ఊళ్ళో వర్షాలు పడతాయి అన్నాను. నవ్వి ఫోటో తీశారు. ఒకటే ఫోటోలు, పాప నవ్వితే ఫోటో, తింటే ఫోటో. ఆయన మాత్రం ఒక్కదాంట్లోనూ లేరు.

ఇంకోటి విన్నారా? ఏ దేశమెళ్ళినా ఆయన ముందు చూసేది లిఫ్టు. సముద్రం ఆ తర్వాత. "ఇది ఫలానా కాలంనాటిది, దీని తలుపు చప్పుడు విను" అంటూ పెట్టెలతో నన్ను అక్కడే నిలబెట్టి పాఠం చెప్తారు. ఈసారి లిఫ్టు వంక చూడలేదు వదినా. మొదటి హోటల్లో కూడా మెట్లెక్కే వెళ్ళారు. ఒళ్ళు తగ్గాలట. ఉన్నదే పుల్ల, ఏం తగ్గుతుంది?

రోజూ పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని బయటికెళ్తారు. ఆఫీసువాళ్ళతో మాట్లాడాలి, ఇక్కడ సిగ్నలుండదు అని. వచ్చేసరికి కాలరు తడి, బూట్ల మీద వేరే వేరే సందుల దుమ్ము. సిగ్నలు కోసం అంత దూరం నడవాలా అన్నాను…

ఉన్నారా? హలో?… ఆ.

మీరు దొరికారు కదా అని సొద పెడుతున్నాను. పడగ్గదిలోకెళ్ళండి. తలుపు వెనక ఎర్ర పెట్టె ఉంటుంది, ఆయన పనిముట్లది. కంపెనీవాళ్ళిచ్చింది. దాన్ని మేనేజరుకి చూపించండి. పని మానేసినవాడు పెట్టె ఇంట్లో పెట్టుకుంటాడా? మా ఆయనకి ఆ పెట్టె రెండో పెళ్ళాం, నాకంటే ముందొచ్చింది.

లేదా?… తలుపు పూర్తిగా ముందుకి లాగి చూడండి. బరువుకి నేల మీద గీత పడి ఉంటుంది… గీత ఉందా? పెట్టె లేదా?

మంచం కింద?… బూట్లు? ఇనప ముక్కు బూట్లు?… అవీ లేవు.

డిపోలో పెట్టుంటారు. కంపెనీ సామాన్లుండే చోటే కదా, సెలవుల్లో ఇంకెవరికైనా కావాలేమో… ఆ. డిపోలో పెట్టుంటారు.

గోడ మీద మా అత్తయ్య ఫోటో ఉందిగా? ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మనల్ని తిడుతున్నట్టు చూస్తుందే, అది. అదైనా…

మేకు ఒక్కటే ఉందా.

ఉండండి. కూర్చుంటాను.

వదినా, ఈసారి ఆయన బట్టల పెట్టె ఆయనే సర్దుకున్నారు. ఎప్పుడూ నేనే సర్దుతాను. ఎత్తితే నడుం పట్టేసింది. ఇటుకలు పెట్టారా అన్నాను. అంకెల తాళం వేసుకున్నారు. ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే ఉంది.

లేదు. ముట్టుకోను. ముట్టుకుంటే…

వద్దు, మీరేం చెప్పకండి. ఆగండి. ఇంకొకటుంది. అది చూపిస్తే చాలు, మేనేజరు నోరు మూసుకుంటాడు. వాడికిలా చెప్పండి. మా ఇంట్లో ఒక పద్ధతుంది. మా అత్తయ్య పెట్టింది. ఊరెళ్ళేటప్పుడు ఇల్లంతా సర్దేసి వెళ్ళకూడదు. ఏదో ఒక పని సగంలో వదలాలి. పని సగంలో ఉంటే ఇల్లు మనల్ని పిలుస్తూ ఉంటుంది, అన్నీ పూర్తిచేసి పోతే మర్చిపోతుంది, అనేది ఆవిడ. పని కూడా మామూలుది కాదు, మనసు పీకే పని అయ్యుండాలి. ఒక ఏడు ఆయన చొక్కాకి బొత్తాం సగం కుట్టి, దారం వేలాడేసి వెళ్ళాను. ఇంకో ఏడు పాప బొమ్మకి ఒక కన్ను పెట్టి రెండోది పెట్టలేదు. దారంతా ఒకటే గోల, "బొమ్మకి కనిపించట్లేదమ్మా, తొందరగా వెళ్దాం" అని. ప్రతిసారీ తిరిగొచ్చాం వదినా. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆయనకి నచ్చదు. లిఫ్టులవాడికి సగం పనంటే ప్రాణం మీదకొచ్చినట్టే కదా. లోపల మనిషుండగా రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే, రేపొస్తానని పోతామా అంటారు. నన్ను "సగం పనుల సంఘం అధ్యక్షురాలు" అని ఏడిపిస్తారు. కానీ ఎప్పుడూ నా సగం పని జోలికి రాలేదు. వాళ్ళమ్మ మాట కదా.

ఈసారి పాప గౌను. పసుపు రంగుది, పుట్టినరోజుకి. మీకు గుడ్డ చూపించాను… ఆ, చిన్న చిన్న తెల్లచుక్కలు. అంతా కుట్టాను. కుచ్చులు పెట్టాను, కుడిచెయ్యి కుట్టాను. ఎడమచెయ్యి కోసి పక్కన పెట్టి, సూది గుడ్డలోనే దించి వచ్చాను. ఒంటిచేతి గౌను! దానికంటే గట్టిగా పిలిచేది ఏముంటుంది చెప్పండి?

పాప గదిలో, కుట్టుమిషను మీద ఉంటుంది. వెళ్ళండి. అది చూపించండి వాడికి. కన్నబిడ్డ గౌను సగంలో వదిలేసి ఏ తల్లైనా ఇల్లు ఖాళీ చేస్తుందా అని అడగండి.

గుడ్డ కప్పి ఉందా? దుమ్ము పడకుండా ఆయనే కప్పారు. బయల్దేరే ముందురోజు నూనె కూడా వేశారు, గుర్తుందా? మధ్యాహ్నం మేమిద్దరం మీ ఇంట్లో భోంచేస్తున్నాం, ఆయన రాలేదు. మిషను ఎండిపోయింది, నూనె వేసి తిప్పుతానన్నారు. గోడవతల నుంచి టకటకా చప్పుడు. అన్నయ్యగారేమో, "మీ ఆయన లిఫ్టులు మానేసి కుట్టుపని నేర్చుకుంటున్నాడమ్మా" అన్నారు. ఎంత నవ్వాం! పాపకి పొలమారింది కూడా…

తీశారా గుడ్డ?

చెప్పండి.

లేదా.

కింద పడిందేమో… దారం?… చుట్ట చుట్టి పెట్టి ఉందా. సూది కూడా లేదా.

ఆ ఎడమచెయ్యి? ముక్క. చిన్న ముక్క వదినా, మీ అరచేయంత ఉంటుంది…

అదీ లేదు.

…

…

వదినా. ఒకటడుగుతాను. నా మీద ఒట్టు. అబద్ధం చెప్పకండి.

మీకు తెలుసా?

…

ఎప్పటి నుంచి?

మేం బయల్దేరక ముందేనా… అన్నయ్యగారికి కూడానా? అందుకేనా ఆ మాట అనేసి, మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోయింది? నేను నవ్వుతూనే ఉన్నాను. మీరూ నవ్వారు. మీరు ఎలా నవ్వారు వదినా?

మీ నోట్లో నువ్వుగింజ నానదంటారు అన్నయ్యగారు. ఇంత మాట ఎలా దాచారు?… ఒట్టు వేయించుకున్నారా. ఎవరి మీద?… పాప మీదనా.

చెప్పండి. అంతా చెప్పండి. ఇప్పుడింక దాచడానికేముంది.

…

డిపో మూసేశారా… అందర్నీనా… ఆ.

ఎర్ర పెట్టె అప్పగించేశారు… ఆ… అనుమతి కూడా పోయింది. అంటే అక్కడ ఉండటానికి లేదు. కొత్త కాగితాలు రావడమనేది లేనే లేదు.

రోజూ చెప్పారు వదినా. రోజూ నా కళ్ళలోకి చూసి చెప్పారు.

నాకెందుకు చెప్పలేదట?… చెబితే నేను గడప దాటననా? దాటను. నిజమే, దాటేదాన్ని కాదు. తలుపు చెక్క పట్టుకుని కూర్చునేదాన్ని.

ఇంకేమన్నారు?… పాప ఇల్లు వదిలేటప్పుడు నవ్వుతూ వదలాలన్నారా… సెలవులకని చెప్తే ఎగురుకుంటూ పోతుందని.

ఎగురుకుంటూనే వచ్చింది. మెట్లు కూడా దిగలేదు, దూకింది. వెనక్కి తిరిగి ఇంటికి టాటా చెప్పమంటే, "ఎందుకు, మళ్ళీ వస్తాంగా" అంది. ఆయన అప్పుడే బూటు తాడు కట్టుకోవడానికి వంగారు.

కోపమా? ఏమో. కోపం రావడానికి కాస్త చోటుండాలి కదా మనిషికి. ఈ గదిలో అదీ లేదు.

ఇక్కడ పని దొరుకుతుందనే తెచ్చారా?… ఎవరో రమ్మన్నారటనా. దొరకలేదు వదినా. ఎవరూ చెప్పక్కర్లేదు, చొక్కా కాలరు చెప్తోంది. ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగుతున్నారో. నేనేమో, "ఆఫీసువాళ్ళు ఫోనెత్తారా" అని అడుగుతున్నాను రోజూ. "ఎత్తారు, రేపు చెప్తామన్నారు" అంటూ పాపని ఎత్తుకుంటారు.

ఎక్కడికి వెళ్తాం? మీరే చెప్పండి. ఇక్కడ గడువు అయిపోవచ్చింది. అక్కడ తలుపు లేదు. సొంత ఊరంటే, అత్తయ్య పోయాక ఆవిడ ఉన్న అద్దె గది కూడా వదిలేశాం. మాకెవరున్నారని. రెండంతస్తుల మధ్య ఆగిపోయాం వదినా. బాగుచేసేవాడు కూడా లోపలే ఉన్నాడు.

బెల్లు కొడితే ఎవరొస్తారు.

… ఏడవకండి. మిమ్మల్ని అనడం లేదు. ఒట్టు వేయించుకుంటే మీరు మాత్రం ఏం చేస్తారు.

నాకర్థం కానిది ఒక్కటే. గౌను ఎందుకు తీసేశారు? ఉద్యోగం పోయిందని దాచారు, సరే. అమ్మ ఫోటో తెచ్చుకున్నారు, సరే. నా సగం గౌను ఆయన్నేం చేసింది? పారేశారా? అదొక్కటి అక్కడుంటే, ఏమో… ఇల్లు పిలిచేదేమో. పిచ్చిదాన్ననుకోండి. అది అక్కడుందన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ ఈ గోడని చూస్తూ కూర్చున్నాను. దాన్ని కూడా లేకుండా చేశారు…

ఉండండి, మెట్ల మీద చప్పుడు. వాళ్ళే. పాప పాడుకుంటూ ఎక్కుతోంది.

ఏమని అడగను వదినా? ఎలా అడగను? పుట్టినరోజు నాడు… పెట్టెయ్యకండి. మీరుండండి. మీరు లైన్లో ఉంటే నేను గట్టిగా ఏడవకుండా ఉంటాను.

తీసే ఉంది, తోసుకుని రా తల్లీ!

… కేకు దొరికిందా? ఏదీ… మెల్లిగా, చితికిపోతుంది… కళ్ళు మూసుకోవాలా? ఎందుకే? ఫోన్లో అత్తతో మాట్లాడుతున్నాను… సరే, మూసుకున్నాను. చూడట్లేదు… ఆ, కోటు విప్పు. విప్పావా? తెరవనా?

…

వదినా.

గౌను వదినా. నా గౌను. వేసుకుని నిలబడింది.

రెండు చేతులూ ఉన్నాయి.

ఎవరిచ్చారే?… నాన్నా? కేకు కొట్లోనే తొడిగారా… ఎవరు కుట్టారన్నారు?…

అవును తల్లీ. నాన్నే కుట్టారు. నాకు తెలుస్తోంది.

ఎడమచెయ్యి కుట్టు పైకొచ్చింది వదినా. లోపలికుండాలి అది. తిరగేసి పెట్టి కుట్టేశారు. ఒక కుట్టు కాదు, మీద మీద ఎన్నిసార్లు కుట్టారో, లిఫ్టు తాడనుకున్నారు కాబోలు. ఆ రోజు నూనె వెయ్యలేదు వదినా ఆయన. ఇది కుట్టారు. గోడవతల మనం నవ్వుతుంటే… పుట్టినరోజుకి ఇంటికి రామని ఆయనకి అప్పుడే తెలుసు. అందుకే పాపకి… అందుకే పూర్తిచేశారు.

బాగుందమ్మా. చాలా బాగుంది. తిరుగు… ఇటు తిరుగు. గిర్రున తిరుగు… కుచ్చులు విచ్చుకుంటున్నాయి, చూడు… ఎడమచెయ్యా? గుచ్చుకుంటోందా? కొంచెంసేపట్లో మెత్తబడుతుంది… లేదు, విప్పి మళ్ళీ కుట్టను. అది అలాగే ఉండాలి.

ఏంటండీ, గుమ్మంలో నిలబడిపోయారు? ఎవరింటికో వచ్చినట్టు? లోపలికి రండి… వదినే… ఆ… చెప్పింది.

అంతా చెప్పింది.

కూర్చోండి. ఆ పెట్టె మీదే కూర్చోండి, పర్లేదు. కాళ్ళు చూసుకోండి ఎలా ఉన్నాయో. ముందు మంచినీళ్ళు తాగండి. పాప చూస్తోంది, కళ్ళు తుడుచుకోండి… తల్లీ, నాన్నకి గ్లాసు ఇవ్వు.

వదినా, ఉన్నారా?… ఆ. మేనేజరు ఇంకా అక్కడే ఉన్నాడా?… ఉన్నాడా.

తాళం ఇచ్చెయ్యండి.

అవును, నేనే అంటున్నాను… మిషను మీరు తీసుకెళ్ళండి. దాచడానికి కాదు, కుట్టుకోండి… నక్షత్రాలు ఉండనివ్వండి. వచ్చేవాళ్ళకి పిల్లలుంటే ఆడుకుంటారు. పడిపోయినదాన్ని మాత్రం మీరే కట్టెయ్యండి వదినా, స్టూలు వంటింట్లో ఉంటుంది. అలా కింద వదలకండి.

కట్టారా?… ఆ.

ఇంకక్కడ సగంలో ఉన్న పనేమీ లేదు. ఇచ్చెయ్యండి.

… ఉంటాను. కేకు కొయ్యాలి.